బాడుగ ఇల్లు, పచ్చని శివారు: నెల్లూరు నగరాంచల నివాసం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

నగరానికి దూరంగా, ప్రశాంతమైన పచ్చని పరిసరాల్లో బాడుగకు ఇల్లు తీసుకోవడం నేడు మధ్యతరగతి విద్యావంతుల సహజమైన కోరిక. ఈ కోరికకు చరిత్ర ఉంది, అది అంత పాతది కాదు. నెల్లూరు పట్టణపు అంచులు ఒకప్పుడు ఎవరి నివాసాలు, ఆ అంచు ఎప్పుడు కోరదగినదయింది, బాడుగ చట్టాలు ఎవరిని కాపాడాయి, ఎవరిని పట్టించుకోలేదు అన్న ప్రశ్నలను స్థలనామాలు, పదచరిత్ర, చట్టాల పాఠాలు, క్షేత్రపరిశీలన ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: నెల్లూరు, బాడుగ, అద్దె, కౌలు, శివారు, మిట్ట, పేట, పాళెం, అద్దె నియంత్రణ చట్టం, యానాదులు.

1. ప్రవేశిక

ఉద్యోగరీత్యా నెల్లూరు వచ్చిన కొత్తలో ఇంటి కోసం పొదలకూరు రోడ్డు, ముత్తుకూరు రోడ్డు, వేదాయపాళెం, కాకుటూరు దారి అన్నీ తిరిగాను. కాగితం మీద నేను రాసుకున్న షరతులు రెండే: చప్పుడు ఉండకూడదు, కిటికీ తీస్తే చెట్టో చేనో కనపడాలి. ఇంటి యజమానులు అడిగిన ప్రశ్నలు మాత్రం అనేకం. వాటిలో మొదటిది ఉద్యోగం గురించి, రెండోది కులం గురించి. "మీరేమిటోళ్ళు?" అన్న ఆ రెండో ప్రశ్నకు జవాబు విన్నాక ఇంటి తాళం చేతికివ్వడమో, "రెండు రోజులాగి చెప్తాం" అనడమో జరిగేది. నాకు నాలుగో ఇంట్లో తాళం దొరికింది. నాతోపాటే ఉద్యోగంలో చేరిన ముస్లిం అధ్యాపకుడొకరికి అదే వీధిలో ఏ ఇంట్లోనూ దొరకలేదు. ఆయన చివరకు పట్టణం మధ్యలో, బస్సుల హారన్లు రాత్రి పదకొండు దాకా వినిపించే చోట, మూడో అంతస్తులో కాపురం పెట్టారు.

ఈ అనుభవాన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. ప్రశాంతత, పచ్చదనం అనే రెండు గుణాలు ప్రకృతి ఇచ్చినవిగా కనిపిస్తున్నా, వాటి పంపిణీ మాత్రం మనుషులు చేసిందేనన్న అనుమానం అక్కడ మొదలైంది. ఆ అనుమానమే ఈ వ్యాసానికి మూలం.

2. బాడుగ, అద్దె, కౌలు

నెల్లూరు వాడుకలో ఇంటికి చెల్లించేది బాడుగ. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు అద్దె అంటారు. పత్రికలూ ప్రభుత్వ కాగితాలూ కూడా అద్దె అనే రాస్తాయి. రాయలసీమలోనూ బాడుగే వ్యవహారం. కన్నడంలో బాడిగె, తమిళంలో వాడగై దీనికి దగ్గరి పదాలు. సంస్కృతంలోని భాటకం నుంచి ఈ మాట వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. భాటకానికి కూలి అనే అర్థమూ ఉంది. బండికి బాడుగ, ఎద్దుకు బాడుగ, ఇంటికి బాడుగ అన్న వాడుక ఒకే వరుసలో నడవడానికి కారణం ఇదే. కదిలేవాటికీ, కదలనివాటికీ మాట ఒకటే. వాడుకున్నంత కాలానికి ఇచ్చే కూలి అన్నదే అసలు అర్థం.

భూమికి మాత్రం బాడుగ అనరు. దానికి కౌలు. ఇది అరబ్బీ పదం, మాట లేదా వాగ్దానం అని అర్థం. నవాబుల రెవెన్యూ భాష ద్వారా తెలుగులో స్థిరపడింది. పాలకుడు రైతుకు ఇచ్చిన మాట క్రమంగా ఆ మాట రాసిన పత్రమై, పత్రం వల్ల కలిగిన సాగు హక్కై, చివరకు భూయజమానికి చెల్లించే పంటభాగమో నగదో అయింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇంటినీ చేనునూ ఒకే మాట కింద, లీజు కింద చేర్చింది. తెలుగు మాత్రం రెంటినీ వేరుగానే ఉంచింది. ఈ తేడా మాటల ముచ్చట మాత్రమే కాదు. నగర శివారులో బాడుగదారూ కౌలుదారూ ఎదురెదురుగా ఉంటారు. ఒకరి కిటికీలోంచి మరొకరి చేను కనపడుతుంది. ఆ ఎదురెదురు ఉనికి సంగతి వ్యాసం చివర మళ్ళీ వస్తుంది.

3. కోట, పేట, పాళెం, మిట్ట

తెలుగుచోడుల రాజధానిగా ఉన్నప్పుడు ఈ ఊరి పేరు విక్రమసింహపురి. మనుమసిద్ధి కొలువు, తిక్కన మంత్రిత్వం అందరికీ తెలిసిన విషయాలే. ఆనాటి సామాన్యుల ఇళ్ళ సంగతి చెప్పే ఆధారాలు స్వల్పం. స్థలనామాలు మాత్రం తరువాతి కాలపు ఊరి విస్తరణను బాగానే చెబుతాయి. మూలస్థానేశ్వరుని గుడి చుట్టూ మూలాపేట. తల్పగిరి రంగనాథుని గుడి వైపు, పెన్న ఒడ్డున రంగనాయకులపేట. సంత జరిగిన చోట సంతపేట. కోట ఉన్న ఎత్తుమీద కోటమిట్ట. 1757లో ఫోర్డు నాయకత్వంలోని కంపెనీ సైన్యం పట్టుకోలేక వెనుదిరిగిన కోట ఇదే. ఇప్పుడు కోట లేదు, మిట్ట పేరు మిగిలింది. 19వ శతాబ్దపు కలెక్టరు పేరు మీద స్టోన్‌హౌస్‌పేట ఏర్పడింది. ఇంకొంచెం ఇవతల పొగతోట. పేరును బట్టి అక్కడ ఒకప్పుడు పొగాకు పండింది. ఇప్పుడు ఆసుపత్రులూ మందుల దుకాణాలూ పండుతున్నాయి.

పేట అంటే కోటకు వెలుపల, అంగళ్ళ చుట్టూ పెరిగిన జనావాసం. పాళెం మొదట దండు విడిసిన చోటు, తరువాత పాలెగాడి అధీనంలోని స్థలం, ఆ తరువాత చిన్న ఊరు. వేదాయపాళెం, చింతారెడ్డిపాళెం వంటివి ఆ జాతివే. పాడు అన్నది నెల్లూరు ప్రాంతంలో ఊరిపేర్ల చివర విరివిగా వస్తుంది: పల్లెపాడు, పడుగుపాడు, కనుపర్తిపాడు. ఈ పేర్లను వరుసగా చదివితే, నేడు నగరం నడిబొడ్డు అనుకుంటున్న ప్రతి చోటూ ఏదో ఒక కాలంలో అంచేనని తెలుస్తుంది. మూలాపేటలో పుట్టి పెరిగినవారు తమది "ఊళ్ళో ఇల్లు" అంటారు. కోట ఉన్న రోజుల్లో అది ఊరి బయటి ఇల్లు.

మిట్ట అన్న మాటను ప్రత్యేకంగా చూడాలి. నెల్లూరు పెన్న ఒడ్డున, సముద్రానికి కొద్ది మైళ్ళ దూరంలో, చదునైన నేల మీద ఉన్న పట్టణం. ఇక్కడ రెండు మూడు అడుగుల ఎత్తు కూడా సంపదే. దర్గామిట్ట, కోటమిట్ట అన్న పేర్లు నీటిని దృష్టిలో పెట్టుకుని స్థలాన్ని చూసిన తరాలు పెట్టినవి. తరువాతి తరాలు పెట్టిన నగర్, కాలనీ, ఎన్‌క్లేవ్ అన్న పేర్లలో ఎత్తుపల్లాల సమాచారం లేదు. ఈ లోపం పేర్లకు సంబంధించినదిగానే కనిపిస్తుంది గానీ దాని ఫలితం నవంబరు వానల్లో తెలుస్తుంది.

4. పచ్చదనం రోగమైన కాలం

1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతోపాటు నెల్లూరు కూడా కంపెనీ పాలనలోకి వచ్చింది. తెల్లదొరలు పాత పేటలలో కాపురం ఉండలేదు. వారికి కావలసింది చుట్టూ ఖాళీస్థలం ఉన్న బంగళా. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆయన తరువాత 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చాడు. మిషన్ ఆవరణలు, అధికారుల బంగళాలు కలిసి పట్టణానికి కొత్త రకం అంచును తయారుచేశాయి. తెలుగులో కాంపౌండు అన్న మాటకు ప్రహరీగోడ అన్న అర్థం ఇటువంటి ఆవరణల వల్లే స్థిరపడిందనుకుంటాను. గోడ, గోడ లోపల చెట్లు, చెట్ల వెనుక ఇల్లు: నేటి పచ్చని శివారు ఇంటికి నమూనా అదే.

ఇక్కడ ఒక వైపరీత్యం ఉంది. బంగళాలవారు చెట్టును కోరుకున్నారు, వరిచేనును కోరుకోలేదు. 19వ శతాబ్దపు వైద్యం జ్వరాలకు కారణం తడినేల నుంచి లేచే చెడుగాలి అని నమ్మింది. మన్యం జ్వరానికి దోమ కారణమని రోనాల్డ్ రాస్ నిరూపించింది 1897లో. అంతవరకు నివాసాల దగ్గర మాగాణి సాగు ఉండటం ఆరోగ్యానికి ముప్పు అన్నది పారిశుద్ధ్య అధికారుల స్థిరాభిప్రాయం. నెల్లూరుకు ఇది ఇబ్బందికరమైన సిద్ధాంతం. 1855లో పెన్న మీద ఆనకట్ట పూర్తయ్యాక పట్టణం చుట్టూ మాగాణి మరింత స్థిరపడింది. నెల్లూరు చెరువు సరేసరి, పట్టణాన్ని ఆనుకునే ఉంది. బాస్వెల్ 1873లో ప్రచురించిన జిల్లా మాన్యువల్ చదివినవారికి ఈ జిల్లా పాలకుల ఆలోచనలో నీరు ఎంత పెద్ద స్థానం ఆక్రమించిందో తెలుస్తుంది. నీరు ఆదాయం, నీరే రోగం. ఆ రోజుల్లో ఎవరైనా "వరిచేలకు ఎదురుగా ఇల్లు బాడుగకు కలదు" అని ప్రకటిస్తే ఏ దొరా ఆ ఇంటివైపు చూసి ఉండేవాడు కాదు.

అదే శతాబ్దం చివర ఇంగ్లండులో ఎబెనెజర్ హోవర్డ్ ఉద్యాననగర భావనను ప్రతిపాదించాడు. ఆయన పుస్తకం 1898లో వచ్చింది, 1903లో లెచ్‌వర్త్ నిర్మాణం మొదలైంది. పాట్రిక్ గెడ్డెస్ 1914 తరువాత మద్రాసు రాష్ట్రపు పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. 1920లో మద్రాసు నగర ప్రణాళికా చట్టం వచ్చింది. ఊరి అంచున తోటల మధ్య నివసించడం నాగరికమన్న ఆలోచనకు ఇవి పాలనాభాషను ఇచ్చాయి. నెల్లూరు వీధుల్లో వీటి ప్రత్యక్ష ఫలితాలు వెదకడం కంటే, లేఅవుట్ అన్న మాట తెలుగులోకి వచ్చిన దారిని ఇక్కడ గుర్తించడమే ఎక్కువ ప్రయోజనకరం.

5. అంచున ఉన్న మరికొందరు

బంగళాలవారు అంచును ఎంచుకున్నారు. ఎంచుకోకుండానే అంచున ఉన్నవారు అంతకు ముందు నుంచే ఉన్నారు. ఊరికి ఎడంగా మాలపల్లె, మాదిగపల్లె. ఇంకా ఎడంగా, కాలువగట్ల మీద, చెరువు పోరంబోకుల్లో యానాదుల చుట్టుగుడిసెలు. నెల్లూరు తీరంలో, శ్రీహరికోట అడవిలో యానాదుల జీవితాన్ని థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లో వివరంగానే రాశాడు. పొలాలకూ తోటలకూ ఇళ్ళకూ కావలి కాయడం వారి వృత్తులలో ఒకటి. ఇతరుల ఇంటికి కావలివారైనవారికి సొంత ఇంటిస్థలం లేకపోవడం, పైగా వారిలో కొందరిపై నేరజాతుల చట్టం అమలు కావడం ఈ చరిత్రలోని పెద్ద అన్యాయాలలో ఒకటి. వెన్నెలకంటి రాఘవయ్య ఆ చట్టానికి వ్యతిరేకంగా దశాబ్దాల పాటు పనిచేశారు. 1952లో అది రద్దయింది.

1921 ఏప్రిల్ 7న పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాని స్థాపకులు. పొణకా కనకమ్మ భూమినిచ్చి నిలబెట్టారు. పెన్న ఒడ్డున, చెట్ల మధ్య, పట్టణానికి దూరంగా ఉన్న ఆ స్థలాన్ని పైకి చూస్తే నేటి శివారు ఇంటి కలకు దగ్గరగానే ఉంటుంది. ఆశ్రమవాసులు పట్టణం నుంచి బయటికి వెళ్ళిన ఉద్దేశం మాత్రం వేరు. అంచున ఉన్నవారి దగ్గరికి వెళ్ళడానికి వారు అంచుకు వెళ్ళారు. నేనూ నావంటివారూ అంచున ఉన్నవారిని దాటుకుని వెళ్ళి అంచున ఉంటున్నాం. కనకమ్మ 1923లో పట్టణంలో కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు. ఆశ్రమం, బాలికల పాఠశాల అన్న ఆ రెండు పనులనూ కలిపి చూస్తే, ఊరి లోపలికీ బయటికీ మధ్య గోడను ఆమె లెక్కచేయలేదని అర్థమవుతుంది.

లోపల ఉన్న గోడలు అంత తేలికగా పోలేదు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనుల ప్రవేశం కోసం పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేయవలసివచ్చింది. గుడి తలుపు తెరిపించడానికి ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టవలసిన పేటలో, అదే కాలంలో, ఇంటి తలుపు బాడుగకు ఎవరికి తెరుచుకుని ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

6. ఇంటికి ఊహాబాడుగ, మనిషికి వాటా

నెల్లూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. మునిసిపల్ చట్టాలు ఇంటిపన్నును లెక్కించిన పద్ధతి ఆసక్తికరమైనది. ఆ ఇంటిని బాడుగకు ఇస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేసి దానిమీద పన్ను విధించేవారు. తాతలనాటి ఇంట్లో తానే ఉంటున్న గృహస్థుకు కూడా, కాగితం మీద, ఒక ఊహాబాడుగ ఏర్పడింది. ఇంటిని బాడుగ తెచ్చే వస్తువుగా ముందు చూసింది యజమాని కాకపోవచ్చు, మునిసిపాలిటీ. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం కూడా వార్షిక అద్దె విలువనే ప్రమాణంగా తీసుకుంది. 2020లో చట్టాన్ని సవరించి మూలధన విలువకు మార్చేదాకా ఈ ఊహాబాడుగ కొనసాగింది.

నిజమైన బాడుగదారులను తెచ్చింది బదిలీలు, కోర్టులు, చదువులు. 1899లో మద్రాసుకూ బెజవాడకూ రైలుమార్గం కలిశాక రాకపోకలు సులువయ్యాయి. 1920లో వెంకటగిరి రాజావారి కళాశాల ఏర్పడ్డాక జిల్లా నలుమూలల నుంచి విద్యార్థులు రావడం మొదలైంది. వీరికి దొరికింది ఇల్లు కాదు, వాటా. పెంకుటింట్లో ఒక గది, పంచలో కొంత, బావి దగ్గర వంతు. యజమాని కుటుంబం కళ్ళెదుటే ఉండటం వల్ల ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న బాడుగ కంటే ముందు వచ్చేది. నీళ్ళ బావి ఉమ్మడిది కనుక కులం, వంట పొగ ఉమ్మడిది కనుక తిండి. వాటా ఇంటిలో ఆ అభ్యంతరాలకు కనీసం పైకి చెప్పుకునేందుకు ఒక కారణం ఉండేది. వేరే వాకిలి, వేరే మోటారు, వేరే మీటరు ఉన్న నేటి శివారు ఇంట్లో ఆ కారణం ఏదీ లేదు. ప్రశ్న మాత్రం మిగిలింది.

7. చట్టం లోపల, చట్టం బయట

రెండో ప్రపంచయుద్ధకాలంలో పట్టణాలకు జనం పెరిగి, ఇళ్ళు కరువై, బాడుగలు పెరిగాయి. భారత రక్షణ నిబంధనల కింద 1941లో మద్రాసు ప్రభుత్వం ఇళ్ళ అద్దెల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 1946లోనూ 1949లోనూ చట్టాలు వచ్చాయి. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం అమల్లో ఉండగా, ఆ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చింది. మన పట్టణాల మధ్యతరగతి జీవితాన్ని ఇంతగా ప్రభావితం చేసిన చట్టం మరొకటి అరుదు. అయినా సాహిత్యచరిత్రలో గానీ సామాజికచరిత్రలో గానీ దానికి దక్కిన చోటు తక్కువ.

ఈ చట్టం నిర్మాణాన్ని జాగ్రత్తగా చదవాలి. నాలుగో సెక్షను న్యాయమైన అద్దెను నిర్ణయించే పద్ధతి చెప్పింది. పదో సెక్షను ఏయే కారణాల మీద బాడుగదారును ఖాళీ చేయించవచ్చో చెప్పింది: బుద్ధిపూర్వకంగా బాడుగ ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, యజమానికి నిజంగా సొంత అవసరం కలగడం మొదలైనవి. కారణం చూపనిదే వెళ్ళగొట్టరాదన్నది దాని సారం. వెళ్ళగొట్టడానికి కారణం అడిగిన చట్టం, రానివ్వకపోవడానికి కారణం అడగలేదు. లోపల ఉన్నవాడికి రక్షణ ఉండేది, గుమ్మం ముందు నిలబడినవాడికి ఉండేది కాదు. దీనికి ఒక్క మినహాయింపు మూడో సెక్షనులో ఉండేది. ఇల్లు ఖాళీ అయితే యజమాని పదిరోజుల్లో అధికారికి తెలియజేయవలసి ఉండేది, ప్రభుత్వం తన అవసరానికి దాన్ని తీసుకునే వీలుండేది. అంటే ఇల్లు వెదుక్కునేవారందరిలో చట్టం గుర్తించిన ఏకైక అన్వేషకుడు ప్రభుత్వోద్యోగి!

అస్పృశ్యత పేరుతో నివాసానికి అడ్డుచెప్పడాన్ని 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఇది ముఖ్యమైన రక్షణ. కానీ "నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చాం" అన్న వాక్యంలో నేరాన్ని నిరూపించడం ఎలా? మతం, తిండి, ఒంటరి స్త్రీ కావడం వంటి కారణాల విషయంలో ఆ పాటి ఆధారమూ లేదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో ఖండం దుకాణాలు, హోటళ్ళు, వినోదస్థలాలు, బావులు, చెరువులు పేర్కొంది. బాడుగ ఇల్లు అందులో లేదు. అమెరికాలో 1968 నాటి గృహవసతి చట్టం జాతి, మతం కారణంగా ఇల్లు బాడుగకు ఇవ్వకపోవడాన్ని నిషేధించింది. అదే ఏడు బ్రిటను కూడా తన జాతిసంబంధాల చట్టాన్ని గృహవసతికి విస్తరించింది. చట్టం చేసినంతలో వివక్ష పోయిందని ఎవరూ అనరు. అడిగే హక్కు ఏర్పడటం మాత్రం చిన్న విషయం కాదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదన్నది, ఒప్పందం రాతలో ఉండాలన్నది. తాళం ఎవరికి నిరాకరించరాదో అదీ చెప్పలేదు.

ఇక శివారు సంగతి. 1960 చట్టం మునిసిపాలిటీలకు వర్తించేది, పక్కనున్న పంచాయతీకి కాదు. పైగా 32వ సెక్షను, 1957 ఆగస్టు 26న గానీ ఆ తరువాత గానీ కట్టిన భవనాలకు మినహాయింపు ఇచ్చింది. కొత్త ఇళ్ళ నిర్మాణాన్ని ప్రోత్సహించడం ఉద్దేశం. పాతికేళ్ళు గడిచినా ఆ ఇళ్ళు "కొత్తవి"గానే మిగిలాయి. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. కాలం గడిచేకొద్దీ ఒక వర్గీకరణ సహేతుకత కోల్పోవచ్చన్న ఆ తీర్పు చరిత్ర విద్యార్థులు కూడా చదవదగినది. అదే ఏడు డిసెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా, కట్టిన పదేళ్ళ దాకా భవనాలకూ, నెలకు వెయ్యి రూపాయలు మించిన బాడుగ ఇళ్ళకూ మళ్ళీ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణ ఆ పరిమితులను మరికొంత మార్చింది.

వీటన్నిటినీ పటం మీద పెట్టి చూస్తే ఒక సంగతి కనపడుతుంది. శివారు ఇల్లు కొత్తది, కనుక చట్టం బయట. శివారు పంచాయతీలో ఉంది, కనుక చట్టం బయట. బాడుగ కాస్త ఎక్కువ, కనుక చట్టం బయట. 2004లో నెల్లూరు నగరపాలక సంస్థ అయి, చుట్టూ ఉన్న గ్రామాలు క్రమంగా అందులో కలిసేనాటికి, అక్కడి బాడుగ సంబంధాలు పూర్తిగా పదకొండు నెలల ఒప్పందాల మీద స్థిరపడిపోయాయి. పదకొండు నెలలు ఎందుకంటే ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి. రుసుము తప్పించుకునే ఉపాయం ఒక తరం జీవితకాలపు కొలమానంగా మారింది. మా వీధిలో పిల్లల వయసును కూడా "మూడు ఇళ్ళ కింద పుట్టాడు" అని చెప్పే తల్లులున్నారు.

8. ఇంటి రొట్టె

నెల్లూరు చెరువుకు స్వర్ణాల చెరువు అని కూడా పేరు. దాని ఒడ్డునే బారాషహీద్ దర్గా, దాని వల్లే దర్గామిట్ట అన్న పేరు. మొహరం నెలలో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, సొంత ఇంటి రొట్టె. సొంత ఇంటి రొట్టె కోసం అడుగుతూ తిరిగేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. బాడుగ ఇంటి రొట్టె అన్నది లేదు. బాడుగ ఇల్లు కోరికగా లెక్కకు రాలేదు. అది సొంత ఇంటికి ముందు గడిపే అవస్థ మాత్రమే. ముస్లిం అమరుల సమాధుల దగ్గర ఇంటి కోసం రొట్టె పుచ్చుకున్న గృహస్థు, ఆ ఇల్లు కట్టుకున్నాక పై అంతస్తును ముస్లిం కుటుంబానికి బాడుగకు ఇవ్వడానికి తటపటాయించడాన్ని నేను చూశాను. జానపద విజ్ఞానంలో పరిశోధించేవారు పండుగల సామరస్యాన్ని నమోదు చేస్తున్నప్పుడు, పండుగ ముగిసిన మర్నాటి సంగతి కూడా నమోదు చేయడం అవసరమనిపిస్తుంది.

9. మిట్టాపల్లాలు

1990ల రొయ్యల సాగు, 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవు, అదే ఏడాది ఏర్పడ్డ విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, వైద్య, ఇంజనీరింగు కళాశాలలు కలిసి బాడుగ ఇళ్ళకు గిరాకీ తెచ్చాయి. 2017లో నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మాగాణి ప్లాట్లయింది. లేఅవుట్ పటాలలో పచ్చరంగు పూసిన పార్కుల సంగతి ఎలా ఉన్నా, మొదటి పదేళ్ళు అక్కడ కనిపించే పచ్చదనం పార్కులది కాదు. ఇంకా అమ్ముడుపోని, లేదా అమ్ముడుపోయినా కట్టని పొలాలది.

2015 నవంబరు వానల్లో, మళ్ళీ 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన పెన్న వరదలో, నది ఒడ్డు కాలనీలూ పల్లపు లేఅవుట్లూ మునిగాయి. 2021లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఇంటి లోపలికి నీరు వచ్చినప్పుడు గోడ యజమానిది, బియ్యం బస్తా బాడుగదారుది. మునిగిన ఇంటికి నష్టపరిహారం లెక్క ఉంటుంది, మునిగిన కాపురానికి బాడుగ ఒప్పందంలో ఒక్క వాక్యమూ ఉండదు. కొత్తగా ఇల్లు చూసేవారికి మా ప్రాంతపు పెద్దలు ఒకే సలహా ఇస్తారు: "ఎండాకాలం చూడబాకండి, కార్తీకంలో చూడండి." మిట్ట అన్న పాత మాటను మింగిన లేఅవుట్లకు ఈ సలహాయే సవరణ.

నేను బాడుగకు తీసుకున్న ఇంటి పడమటి కిటికీకి ఎదురుగా ఎకరంన్నర వరిచేను ఉంది. ఇంటి యజమాని ఆ కిటికీని చూపించే బాడుగ ఐదువందలు ఎక్కువ చెప్పారు. ఆ చేను సాగుచేసేది దాని యజమాని కాదు, కౌలుదారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆయన ఒప్పందం కూడా పదకొండు నెలలదే. నా బాడుగ పత్రం, ఆయన కౌలు పత్రం ఒకే కాలానికి కట్టుబడ్డాయి. చేలు ప్లాట్లుగా మారితే వ్యవసాయేతర వినియోగానికి మార్చే పన్నును భూమి విలువ మీద లెక్కించేవారు. ఆ గట్టు మీద ఆయన వేసిన కంది, అరటి, కాలువ పక్కన కట్టిన గేదెల పాక ఆ విలువలో చేరవు.

మొన్న సంక్రాంతి ముందు నలుగురు మనుషులు చేలో గొలుసు లాగి కొలతలు వేశారు. మూలల్లో పసుపు రాసిన రాళ్ళు పాతారు. ఆ సాయంత్రం కౌలుదారు మా గేటు దగ్గరికి వచ్చి నన్నడిగాడు: "సారూ, మీకేమన్నా చెప్పినారా?" ఇంటివారు నాకూ ఏమీ చెప్పలేదు. రాళ్ళ మధ్య నారు అప్పటికే నిలదొక్కుకుంది.